పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినవాళ్లు

మా వదిన పోయిందన్న కబురు వచ్చేసరికి నేను జమ్మలమడుగులో ఒక నేతాయన ఇంటి ముందు చీర ఫోటో తీస్తున్నాను. నీడలో తీస్తే ముదురు నీలం నల్లగా పడుతుందని, మరీ ఎండలో తీస్తే జరీ తెల్లబడిపోతుందని నేర్పింది ఆమే. అందుకని మంచాన్ని అటూ ఇటూ జరుపుతూ, దాని మీద చీర పరిచి, ఫోన్ పైకెత్తి చూస్తున్నాను. ఆ ఫోన్‌లోనే మా అన్న పేరు వచ్చింది.

"రా" అన్నాడు.

"ఎట్లుంది వదినకు?"

"రా అప్పా" అని మళ్లీ అన్నాడు.  ఇంకేమీ అనాల్సిన అవసరం లేకపోయింది.

నేతాయన భార్య నా మొహం చూసింది. చీర తీసి మడత పెట్టుకుంటూ, "నువ్వు పో నాయనా. చీర యాడికీ పోదు" అంది. బస్సులో ప్రొద్దుటూరు చేరేదాకా ఏం చూశానో, పక్కన ఎవరు కూర్చున్నారో నాకిప్పుడు గుర్తులేదు.

ఇది చదివేవాళ్లలో మా వదినను ఎరిగినవాళ్లు ఎక్కువమంది ఉండరు. పేరు మోసిన మనిషి కాదు. ప్రొద్దుటూరులో మాది బట్టల అంగడి. దానికో వెబ్‌సైటు ఉంది. మీ ఇంట్లో ఆడవాళ్లు ఎవరైనా ఆ సైటులో, ఎవరి సాయమూ అడగకుండా, తమ ఫోన్‌లో తామే ఒక చీర కొనుక్కుని ఉంటే, ఆ పని అంత సులువుగా జరగడం వెనక ఉన్నది ఆమె. అలాంటి పని బాగా చేసినకొద్దీ చేసినవాళ్లు కనపడరు.

ఆమెది పులివెందుల దగ్గర పల్లె. చీనీ కాయల తోటలున్న రైతుల ఇల్లు. చదువుకుని బెంగళూరులో ఒక కంపెనీలో టెస్టరుగా చేరింది. ఒక సైటు జనం చేతుల్లోకి పోకముందే అందులో ఎక్కడ పని ఆగిపోతుందో వెతికి పట్టుకోవడం ఆమె ఉద్యోగం. మా అన్నతో పెళ్లయ్యాక కొన్నాళ్లు మా అంగడి పైగదిలో కూర్చునే ఆ ఉద్యోగం చేసింది. తర్వాత కంపెనీ మనుషుల్ని తగ్గించుకుంది. ఆ తీసేసినవాళ్లలో ఆమె కూడా ఉంది. వారం రోజులు పైగది తలుపు తెరవలేదు. ఆ తర్వాత ఒకరోజు కిందికి వచ్చి, మా నాయన ముందు నిలబడి, "మామా, మన సైటు నేను చూసుకుంటా" అంది.

"చీర అంటే చేత్తో పట్టుకోని చూడల్ల" అన్నాడు నాయన. "ఫోన్లో ఏం కనపడతాదిమ్మా?"

"కనపడేటట్టు చేద్దాం మామా."

సైటు అప్పటికే ఉండేది. కడపలో ఎవరో చేసిచ్చారు. చూసేవాళ్లు బాగానే వచ్చేవాళ్లు. చీరలు ఎంచుకుని కార్టులో వేసుకునేవాళ్లు. కొనకుండా వెళ్లిపోయేవాళ్లు. ధర ఎక్కువై పోతున్నారని మా అన్న అనుకున్నాడు.

"ధరయితే చీర కాడనే ఆగిపోతారు గదా" అంది వదిన. "వీళ్లు సంచిలో ఏసుకోని, వాకిలి దాంకా వచ్చి ఎనక్కి పోతాండారు. వాకిట్లో ఏందో అడ్డముంది."

ఆ అడ్డం ఏమిటో తెలుసుకోవడానికి ఆమె కంప్యూటర్ ముందు కూర్చోలేదు. తొండూరు నుంచి తన మేనత్తను పిలిపించింది. పైగదిలో చాప మీద కూర్చోబెట్టి, చేతికి ఒక పాత ఫోన్ ఇచ్చింది. అద్దం ఒక మూల పగిలిన ఫోన్ అది. మంచి ఫోన్ ఇవ్వొచ్చు కదా అంటే, "మన కాడ కొనేటోళ్లకు ఇట్లాంటి ఫోన్లే ఉంటాయి" అంది. తర్వాత అన్న వైపు, నా వైపు తిరిగి, "మీరు నోరెత్తాకండి. చెయ్యి చూపియ్యాకండి. ఊరికే చూడండి" అని చెప్పింది. తను మాత్రం రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకుంది. ఎవరు ఫోన్ పట్టుకున్నా ఆమె అలాగే నిలబడేది. చెయ్యి ముందుకు రాకుండా అలా కట్టేసుకుంటుందని నాకు ఆ తర్వాత అర్థమైంది.

మేనత్త ఆవపువ్వు రంగు చీర ఒకటి ఎంచుకుంది. ముచ్చటపడింది. అడ్రసు దగ్గరికి వచ్చింది. తొండూరులో ఆమె ఇంటికి నెంబరు ఎవరికీ తెలియదు. పాల కేంద్రం ఎదురు సందు అని రాసింది. పెట్టె ఎర్రబడింది. ఎందుకు ఎర్రబడిందో రాయలేదు. ఆమె తుడిచి మళ్లీ అదే రాసింది. మళ్లీ ఎర్రబడింది. కింద నొక్కాల్సిన బటన్ మీదికి కీబోర్డు వచ్చి కూర్చుంది, ఆ బటనే ఆమెకు కనిపించలేదు. ఇంకాసేపు చూసి, ఫోన్ చాప మీద బోర్లా పెట్టేసింది.

"నాకు రాదులేమ్మా. మాయట్లోళ్ల చేతికి ఇయ్యి వచ్చేటివి గాదు" అంది, తప్పు చేసిన పిల్లలా నవ్వుతూ.

వదిన గోడ దగ్గర నుంచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. "నీకు రాకపోవడం గాదత్తా. మేం సరిగ్గా చెయ్యల్యా" అంది. మేనత్త కాఫీ తాగడానికి కిందికి వెళ్లాక మాతో అన్న మాట నేను మర్చిపోలేను. "చూసినారా? తప్పు మనది, సిగ్గు ఆయమ్మది."

ఆ నెలంతా ఆమె సైటు చేసిచ్చిన కడపవాళ్ల చేత ఒక్కొక్క అడ్డమే తీయించుకుంటూ పోయింది. ఇంటి నెంబరు లేకపోయినా ముందుకు పోనివ్వమంది, గుర్తు రాసుకోవడానికి చోటు పెట్టించింది. పెట్టె ఎర్రబడితే ఎందుకో తెలుగులో చెప్పించింది. బటన్‌ను కీబోర్డు కిందనుంచి బయటికి లాగించింది. మెసేజీలో వచ్చే ఓటీపీ చూసుకుని వెనక్కి వచ్చేసరికి పేజీ మొదటికి పోకుండా చేయించింది. రెండు మార్పులు ఒకేసారి చేద్దామంటే ఒప్పుకునేది కాదు. ఒకటి చేయాలి, మళ్లీ ఎవరినైనా కూర్చోబెట్టి చూడాలి. వల్లూరు నుంచి అంగడికి వచ్చినవాళ్లను, కలమల్ల నుంచి పెళ్లిబట్టలకు వచ్చినవాళ్లను, బేరం అయిపోయాక, "అక్కా, ఒక్క నిమిషం నాతో కూర్చుంటావా?" అని పైకి పిలుచుకుపోయేది. ఆమె ముందు పెట్టిన కాఫీ ఎప్పుడూ మీగడ కట్టి చల్లారిపోయేది.

నేను ఆ పనిలోకి అప్పుడే వచ్చాను. ఒకసారి, "ఇంత చిన్నదానికి ఇంత తిప్పలెందుకు వదినా, రెండుసార్లు చూస్తే వాళ్లకే తెలుస్తుంది కదా" అన్నాను.

"తీరిగ్గా కూర్చోని కొంటారని అనుకోవాకప్పా" అంది. "పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినోళ్లు అనుకో. సంకలో బిడ్డ ఏడుస్తాంటాది అనుకో. ఒళ్లు బాగలేనోళ్లు అనుకో. వాళ్లకు పని జరిగితేనే మనం సరిగ్గా చేసినట్టు."

సైటు బాగుపడేకొద్దీ ఒక కొత్త చిక్కు వచ్చింది. ఒకచోట మార్చితే ఇంకోచోట చెడిపోయేది. ప్రతిసారీ మొదటి నుంచి చివరి దాకా చేత్తో నొక్కి చూడడం మా ఇద్దరి వల్ల కాలేదు. ఆ నొక్కి చూసే పని తనంతట తాను చేసే టూలు కావాలి. మా అన్న బెంగళూరు నుంచి ఒక కంపెనీవాళ్లను వీడియోలో పిలిపించాడు. మనం ఒకసారి చేసి చూపిస్తే చాలు, అది గుర్తుపెట్టుకుని రోజూ అలాగే చేస్తుందన్నారు. రంగురంగుల పటాలు చూపించారు. మా అన్న కళ్లు మెరిశాయి. వదిన అంతా విని, "మా చీరల పేజీలో ఒక్క బటన్ పేరు మార్చి, మళ్లీ నడిపించండి" అని అడిగింది. అది అక్కడే నిలబడిపోయింది. ఎందుకు నిలబడిందో కూడా చెప్పలేదు. వదిన మర్యాదగా నమస్కారం పెట్టి వీడియో ఆపేసింది.

తర్వాత ఉచితంగా దొరికే రెండు టూళ్లు తెచ్చుకుంది. రెండింటికీ ఒకే పని ఇచ్చింది. చీర ఎంచుకో, కార్టులో వెయ్యి, అడ్రసు రాయి, డబ్బు కట్టే పేజీ దాకా పో. మొదటిది చాలా పాతది, అందరికీ తెలిసినది. కానీ ఎక్కడ ఎంతసేపు ఆగాలో దానికి మనమే చెప్పాలి. మా పైగదిలో నెట్ నెమ్మదైనప్పుడల్లా, ఏ తప్పూ లేకపోయినా ఫెయిల్ అనేది. "ఇది ఊరికూరికే ఫెయిలంటాంటే, నిజంగా ఫెయిలైన రోజు గూడా మనం పట్టించుకోం" అని దాన్ని పక్కన పెట్టింది. రెండోది బటన్ కనపడేదాకా తనే ఆగేది. చిన్న ఫోన్‌లో ఎలా ఉంటుందో అలా తెరిచి చూసేది. ఆగిపోతే, ఆగిన చోట ఫోటో తీసి పెట్టేది. అది తీసుకునేముందు నన్ను కూర్చోబెట్టి అందులో తను రాసిన సూచనలన్నీ చదివించింది.

"నేను ల్యాకపోయినా దీన్ని నువ్వు బాగు చేసుకోగలవా?" అని అడిగింది. చేసుకోగలనన్నాక, "అయితే ఇదే" అంది. అప్పటికి ఆమెకు ఏ జబ్బూ లేదు. పులివెందులకు పోయినప్పుడు పని ఆగకూడదని అడిగింది. ఆ మాటకు ఇప్పుడు వేరే అర్థం అంటగట్టడం నాకు ఇష్టం లేదు.

టూలు వచ్చినా మనుషుల్ని కూర్చోబెట్టడం మాత్రం మానలేదు. "మిషను మనం అడిగిందానికే జవాబు చెప్తాది. మనిషి మొహం మనం అడగంది గూడా చెప్తాది" అనేది. ఇంకో పట్టింపు కూడా ఉండేది. చివర్లో ధన్యవాదాలు అని పేజీ వస్తుంది కదా, అక్కడితో పరీక్ష ఆపితే ఊరుకునేది కాదు. "ధన్యవాదాలని చూపియ్యడం శానా సులభం. ఆర్డరు అంగట్లోకి చేరిందా? అది చూడు ఫస్టు."

ఆ తర్వాత రెండేళ్లూ మా ఇంట్లో మంచి కాలం. జమ్మలమడుగు నేతగాళ్లు మా నాయన అడగకముందే కొత్త చీరలు పంపేవాళ్లు. ఎవరు ఎక్కడ నుంచి కొన్నారో సాయంత్రం పూట నాయన పైకి వచ్చి అడిగి చెప్పించుకునేవాడు. తొండూరు మేనత్త ఎవరి సాయమూ లేకుండా మొదటి చీర కొన్నరోజు వదిన స్వీట్లు తెప్పించింది.

తర్వాత కడుపునొప్పి మొదలైంది. తిండి సరిపడక అనుకున్నాం. తగ్గలేదు. ప్రొద్దుటూరులో డాక్టరు స్కానింగ్ తీయించి, గడ్డ ఉందని, ఆలస్యం చేయొద్దని, ఒక పెద్ద నగరంలోని ఆసుపత్రిలో ఫలానా డాక్టరుకు చూపించమని చెప్పాడు. ఆ డాక్టరు అపాయింట్‌మెంట్ ఆన్‌లైన్‌లోనే తీసుకోవాలి. వదినే తీసుకుంది. అంగట్లో గల్లా పక్కన కూర్చుని, ఎడమ చేత్తో కడుపు పట్టుకుని, కుడిచేత్తో ఫోన్‌లో ఒక్కొక్కటీ నింపింది. చివరికి ధన్యవాదాలు అని వచ్చింది. ఫోన్ పక్కన పెట్టి బల్ల మీద తల వాల్చుకుంది. ఆ రోజు ఆమె టెస్టరు కాదు. నొప్పితో ఉన్న మనిషి.

ముగ్గురం రైల్లో వెళ్లాం. కౌంటరులో ఉన్న అబ్బాయి రెండు మూడుసార్లు వెతికి, "ఈ పేరు మీద బుకింగ్ లేదండి" అన్నాడు. మా అన్న వదిన ఫోన్ తెరిచాడు. చూపించడానికి అందులో బుకింగ్ మెసేజీ ఏదీ లేదు. ఆ డాక్టరుకు ఆ రోజు ఖాళీ లేదు, మర్నాడే విదేశాలకు వెళ్తున్నాడు, మళ్లీ వచ్చేది నెల దాటాకే. అన్న గొంతు పెంచాడు, తర్వాత బతిమాలాడు. వదిన అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"ఆ పిల్లోని తప్పేముంది? ఆయప్ప ముందర స్క్రీన్లో ల్యా నా పేరు."

అక్కడే ఇంకో డాక్టరు చూశాడు. ఈ ఆపరేషన్ ఆ పెద్ద డాక్టరు వచ్చి చేస్తేనే మంచిది, ఈలోగా వేసుకోండని నొప్పికి మాత్రలు రాసిచ్చాడు. తిరిగి వచ్చేశాం. నెల దాటాక మళ్లీ వెళ్లేసరికి కాలేయం దాకా పాకిందన్నారు. ఆపరేషన్ కుదరదన్నారు.

"నెల ముందు చూసింటే?" అని అడిగాడు అన్న.

"చెప్పలేం" అన్నాడు డాక్టరు. ఆయన నిజమే చెప్పి ఉంటాడు. కానీ ఆ ఒక్క మాట మాతో పాటు రైలెక్కి ఇంటికి వచ్చింది. ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.

మొదటిసారి తిరిగి వచ్చిన తర్వాత ఆమె ఆ పేజీని మళ్లీ తెరిచి చూసింది. మనం వివరాలు నింపేలోపు ఆ సమయాన్ని ఇంకెవరైనా తీసేసుకుంటే, బుకింగ్ కాదు. కానీ ధన్యవాదాలు మాత్రం వస్తుంది. ఏం చేస్తే ఏం జరుగుతోందో, ఏం జరగాలో వరుసగా, కోపం లేకుండా రాసి ఆసుపత్రికి పంపింది. జవాబు రాలేదు. ఇంకోసారి ఇంకాస్త మెత్తగా రాసింది. "ఇంకొకరు మన మాదిరి పోయి ఎనక్కి రాకుండా అన్నా ఉంటాది గదా" అంది. దానికీ జవాబు రాలేదు.

మెట్లెక్కలేక మంచాన్ని కింది గదిలోకి మార్పించుకున్నాక, ఒక మధ్యాహ్నం నేను పక్కన కూర్చుని ఉంటే, కళ్లు తెరవకుండానే, "నేను చూసుకోల్యాప్పా" అంది.

"ఏంది వదినా?"

"చేరిందా లేదా అని చూసుకోల్యా. అందరికీ చెప్పి, నేనే చూసుకోల్యా."

తొండూరు మేనత్త మొహంలో ఆ రోజు చూసిన సిగ్గే ఆమె మొహంలో చూశాను. ఆమె ఆ రోజు మేనత్తకు చెప్పిన మాటే నేను ఆమెకు చెప్పాలి. చెప్పాను కూడా. "నీ తప్పు కాదు వదినా" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఎంత చెప్పినా ఆ సిగ్గును ఆమె దగ్గర నుంచి తీసుకోలేకపోయాను.

ఈలోగా అంగడి కూడా పడిపోయింది. నాయన మాట్లాడడం తగ్గించాడు. కొత్త చీరలు సైటులోకి ఎక్కడం ఆగిపోయింది. వచ్చే ఆర్డర్లు ఒకటీ అరా. ఒకరోజు అన్న, "మూసేద్దాం దాన్ని. ఎవురికోసరం?" అన్నాడు. వదిన వింది. గొంతు అప్పటికే పీలగా అయిపోయింది. "మూసేటప్పుడు మూసినామని ఒక మాట రాయండి. తెలియక వచ్చి ఊరికే నొక్కుతాంటారు" అంది. తన కోసం ఇది కావాలని, అది కావాలని ఏమీ అడగలేదు. నాకు గుర్తున్నంతవరకు ఆమె చివరగా ఏదైనా చేయమన్నది అదే.

సైటును అన్న మూయలేదు. నడపనూ లేదు. నేను చీరలు ఎక్కిస్తే మళ్లీ నడుస్తుందేమోనని జమ్మలమడుగు వెళ్లిన రోజే ఫోన్ వచ్చింది.

పెద్దకర్మ అయ్యాక నేను ఆ ఆసుపత్రి పేజీ తెరిచి చూశాను. ఏమీ మారలేదు. నేనూ రాశాను. ఆమె రాసినంత నెమ్మదిగా రాయలేకపోయాను. ఎవరూ పలకలేదు. ఈ ఉదయం కూడా ఆ పేజీలో ఎవరో ఒకరు, కడుపునో గుండెనో పట్టుకుని, ధన్యవాదాలు చదివి ఫోన్ పక్కన పెట్టి ఉంటారు. వాళ్లకు చెప్పే దారి నాకు తెలియదు. దుఃఖం కాలంతో తగ్గుతుందని చుట్టాలు చెప్తున్నారు. ఇది తగ్గేరకం కాదేమోనని నా భయం.

అంగడి మళ్లీ తెరిచిన రోజు మధ్యాహ్నం, వల్లూరు నుంచి ఒక నడివయసు ఆమె వచ్చింది. ఎండకు మొహం ఎర్రగా కందిపోయింది. చేతిలో ఫోన్ ఉంది.

"మీ యమ్మి ల్యాదా అప్పా? పైన కూర్చుంటాదే, ఆయమ్మి. మా కూతురు కలమల్లకు మారింది, అల్లునికి ఆడ ప్లాంట్లో పని. చీర ఇంగ ఆడికి పంపియ్యల్ల. అడ్రసు మార్చుకోవల్ల."

"ఇట్లా ఇవ్వండమ్మా, నేను మారుస్తాను" అన్నాను.

ఆమె ఫోన్ వెనక్కి తీసుకుంది. "నువ్వొద్దులే నాయనా, ఏమనుకోవాకు. నువ్వు గబగబా చేసి ఇచ్చేస్తావు. ఆయమ్మి అయితే నాతోనే చేపిస్తాది. చేతులు ఎనక్కి పెట్టుకోని నిలబడతాది."

అన్న గల్లా దగ్గర తల వంచుకున్నాడు. నాయన లేచి లోపలికి వెళ్లిపోయాడు. నేను తలెత్తి పైగది వైపు చూశాను.

"పనిలో ఉందా? ఉండనీలే. నాకు బస్సు సాయంత్రానికి" అంటూ ఆమె బెంచీ మీద సర్దుకుని కూర్చుంది. అన్న లేచి వెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. ఆమె తాగి, చీర కొంగుతో ఫోన్ అద్దం తుడిచి, దాన్ని ఒళ్లో పెట్టుకుని, మెట్ల వైపు చూస్తూ కూర్చుంది.